నుమాయిష్‌లో కొన్న సముద్ర జంతువుల సెట్: బొమ్మలు బాగున్నాయి, డబ్బా మీద రాతే తప్పు

నాంపల్లి నుమాయిష్‌లో మా అక్క కూతురి కోసం సముద్ర జంతువుల బొమ్మల సెట్ కొన్నాను. ఎనిమిది బొమ్మలు, 650 చెప్పి బేరమాడితే 480కి ఇచ్చాడు. పదో తరగతి పిల్లలకు బయాలజీ ట్యూషన్ చెప్తాను కాబట్టి ఇలాంటివి కనబడితే నేను ముందు తోకలు చూస్తాను, చాలా సెట్లు అక్కడే తప్పిపోతాయి. ఇందులో సొరచేప తోక నిలువుగా ఉంది, డాల్ఫిన్, తిమింగలాల తోకలు అడ్డంగా, చాపలా పరిచినట్టు ఉన్నాయి. అది చూశాకే పర్సు తీశాను.

ఇంటికొచ్చి బకెట్ నిండా నీళ్లు పట్టి పాపకు ఇచ్చాను. రబ్బరు మెత్తగా ఉంది, తోకలు బాగా వంగుతున్నాయి. సొరచేప తోకను పక్కలకు ఆడించాలి, డాల్ఫిన్‌దైతే పైకీ కిందికీ. కాసేపటికి తనే అడిగింది, "మామయ్యా, ఇది వేరేగా ఎందుకు ఈదుతోంది?" అని. బాల్కనీలోకి తీసుకెళ్లి వీధిలో పరిగెడుతున్న కుక్కను చూపించాను. పరుగులో దాని నడుము పైకీ కిందికీ వంగుతుంది కదా, తిమింగలాల పూర్వీకులు కూడా అలా నాలుగు కాళ్ల మీద నేలపై తిరిగినవే, దాదాపు 5 కోట్ల ఏళ్ల కింద నీళ్లలోకి దిగాయి, కాళ్లు పోయినా వెన్ను వంగే తీరు మాత్రం పోలేదు. ఇప్పుడున్న జంతువుల్లో వాటికి దగ్గరి చుట్టం మన జూపార్కులో ఉండే హిప్పో అంటే పాపే కాదు, మా బావ కూడా నమ్మలేదు!

నాకు బాగా నచ్చింది స్పెర్మ్ వేల్, అంటే పళ్లున్న పెద్ద తిమింగలం. దాని ముక్కు రంధ్రం తల ముందువైపు, కాస్త ఎడమకి ఉంటుంది, బొమ్మలో సరిగ్గా అక్కడే చిన్న గుంట పెట్టారు, తెలిసినవాళ్లే అచ్చు చేసినట్టున్నారు. నీలి తిమింగలానికి మాత్రం రెండు రంధ్రాలు ఉండాలి, ఒకటే పెట్టారు. పళ్లున్న తిమింగలాలకి ఒకటి, నీళ్లు వడగట్టి తినేవాటికి రెండు.

మరి ఊపిరి కోసం పైకి రావాల్సిందే అయితే డాల్ఫిన్ ఎలా పడుకుంటుందని రాత్రి పాప అడిగింది. మెదడు సగం నిద్రపోతే మిగతా సగం మేలుకుని ఉంటుంది, ఒక కన్ను తెరిచే ఉంటుంది అని చెప్పాను. ఆ రాత్రంతా ఒక కన్ను మూసుకుని పడుకోవాలని చూసింది.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించింది డబ్బా. పైన పెద్ద అక్షరాలతో 'సముద్రపు చేపలు' అని రాశారు. ఎనిమిదింట్లో సొరచేప ఒక్కటే చేప, మిగతా ఏడూ పిల్లల్ని కని పాలిచ్చేవే. డుగాంగ్ కింద 'సీల్' అని అచ్చేశారు. సీల్ ఒడ్డుకు వచ్చి పడుకుంటుంది, దానికి వెనక తెడ్డుల్లాంటి కాళ్లుంటాయి. డుగాంగ్ అసలు నీళ్లలోంచి బయటికి రాదు, సముద్రపు గడ్డి మేస్తుంది, అందుకే సముద్రపు ఆవు అంటారు. అది ఎక్కడిదో కూడా కాదు, తమిళనాడు పక్కన పాక్ బేలో ఇంకా బతుకుతోంది, 2022లో దానికోసం 448 చదరపు కిలోమీటర్ల రిజర్వు ప్రకటించారు. మన దేశపు జంతువు పేరే తప్పు రాస్తే ఎలా?

సైజులు కూడా పట్టించుకోలేదు, డాల్ఫిన్, నీలి తిమింగలం ఒకే పొడవు. నీలి తిమింగలం 30 మీటర్ల దాకా పెరుగుతుంది, అంటే రెండున్నర సిటీ బస్సులు వరసగా పెట్టినంత. ఓర్కా (నలుపు తెలుపు రంగుల్లో ఉండే పెద్ద డాల్ఫిన్) కంటి దగ్గరి తెల్ల మచ్చ రెండు రోజుల నీళ్లకే లేచిపోయింది. తీసుకెళ్లి చూపిస్తే మార్చనన్నాడు.

అయినా 4 స్టార్లు ఇస్తాను, తోకల కోసం. 400కి అడిగి చూడండి, ఇచ్చేలాగే ఉన్నాడు. కొనే ముందు డబ్బా తెరిపించి డాల్ఫిన్‌ను చేతిలోకి తీసుకోండి, పక్క వరసలో ఇంకో సెట్ చూశాను, దాన్లో తోక నిలువుగా ఉంది, అది మాత్రం తీసుకోవద్దు.