చిన్న ఆన్‌లైన్ షాపు గూగుల్‌లో కనబడాలంటే ఏది మేలు: ప్రకటనలా, వ్యాసాలా, లింకులా, ఉన్న పేజీలా?

ఆన్‌లైన్ షాపు తెరిచిన కొన్నాళ్లకు చాలామందికి ఒకే టెన్షన్ పట్టుకుంటుంది. సరుకు బాగుంది, ధర బాగుంది, సైటూ చూడటానికి బాగానే ఉంది. కానీ గూగుల్‌లో వెతికితే మాత్రం షాపు ఎక్కడా కనబడదు. ఇక సలహాలు మొదలవుతాయి. ప్రకటనలు వేయమని ఒకరంటారు, వారం వారం వ్యాసాలు రాయమని ఇంకొకరంటారు, లింకులు కొనిపెడతామని ఏదో ఏజెన్సీ నుంచి మెయిల్ వస్తుంది. సైటులో ఇప్పటికే ఉన్న పేజీలను బాగుచేసుకోమని చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. ఆ పని చేయాలంటే సరుకు గురించి, కొనేవాళ్ల గురించి బాగా తెలిసి ఉండాలి, దాన్ని బయటివాళ్లు ప్యాకేజీగా అమ్మడం కష్టం.

డబ్బూ తీరికా రెండూ తక్కువగా ఉన్న షాపుకు నేను ముందు పెట్టేది ఆ నాలుగోదాన్నే: కేటగిరీ పేజీలు, ప్రొడక్ట్ పేజీలు. మిగతావాటికీ చోటుంది, ఒక్క లింకుల కొనుగోలుకు తప్ప.

ప్రకటనలు: వేగం ఉంది, నిలకడ లేదు

గూగుల్ ప్రకటనలు 2000లో యాడ్‌వర్డ్స్ పేరుతో మొదలయ్యాయి, 2018లో గూగుల్ యాడ్స్ అయ్యాయి. ఎవరైనా ఏదైనా వెతికిన ప్రతిసారీ వెనకాల ఒక వేలం జరుగుతుంది. మీరు ఎంత ఇస్తానన్నారన్నదే కాకుండా, మీ ప్రకటన ఆ వెతుకులాటకు ఎంత సరిపోతుంది, క్లిక్ చేస్తే తెరుచుకునే పేజీ ఎలా ఉంది అన్నవి కూడా అందులో లెక్కకు వస్తాయి. అంటే పేజీ నాసిగా ఉంటే ప్రకటనకూ ఎక్కువ ఖర్చవుతుంది.

దీని బలం వేగం. ఈరోజు పెడితే ఇంచుమించు ఈరోజే కనబడతారు. బలహీనత కూడా అంతే తేటగా ఉంది: డబ్బు ఆపితే కనబడటం ఆగిపోతుంది. ప్రకటనలు వేస్తే మామూలు ఫలితాల్లో కూడా స్థానం పెరుగుతుందని ఒక నమ్మకం బాగా ప్రచారంలో ఉంది. అది నిజం కాదు, గూగుల్ ఈ మాట సూటిగానే చెప్పింది.

బడ్జెట్ పెట్టేముందు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. వంద క్లిక్కులకు 2 ఆర్డర్లు వస్తున్నాయనుకోండి. ఒక్క ఆర్డరు కోసం 50 క్లిక్కుల డబ్బు కట్టినట్టు. ఆ మొత్తం ఒక ఆర్డరు మీద మిగిలే లాభం కన్నా ఎక్కువైతే, అమ్మకాలు పెరిగేకొద్దీ నష్టమూ పెరుగుతుంది. మార్జిన్ తక్కువగా ఉండే సరుకుకు ప్రకటనలు తరచు ఇక్కడే తేలిపోతాయి.

అయినా చిన్న బడ్జెట్‌తో కొన్ని వారాలు నడపడం మంచిదే అంటాను, అమ్మకాల కోసం కాకపోయినా సమాచారం కోసం. సెర్చ్ టర్మ్స్ రిపోర్టు తెరిస్తే జనం ఏ మాటలు టైప్ చేసి వచ్చారో చాలావరకు కనబడుతుంది. ఆర్డర్ల ట్రాకింగ్ సరిగ్గా పెట్టుకుంటే వాటిలో ఏ మాటకు ఆర్డరు వచ్చిందో కూడా తెలుస్తుంది. ఆ మాటలే తరువాత మీ పేజీల టైటిళ్లలోకి వెళ్లాలి.

వ్యాసాలు: ఎవరి కోసం రాస్తున్నారు?

"చదువుకోవడానికి ఎలాంటి లైటు మంచిది" అని వెతికే మనిషి ఇంకా కొనే దశకు రాలేదు. "క్లిప్ ఉన్న ఎల్ఈడీ స్టడీ లాంప్" అని వెతికే మనిషి చేతిలో దాదాపు కార్డు ఉంది. వ్యాసాలు ఎక్కువగా మొదటి మనిషిని తీసుకొస్తాయి. విజిటర్ల సంఖ్య పెరుగుతుంది, గ్రాఫు పైకి లేస్తుంది, ఆర్డర్లు మాత్రం అలాగే ఉంటాయి. దీనికి తోడు 2024 నుంచి గూగుల్ చాలా ప్రశ్నలకు ఫలితాల పైనే ఏఐతో జవాబు రాసి చూపిస్తోంది. జవాబు అక్కడే దొరికితే సైటు దాకా వచ్చే అవసరం తగ్గుతుంది. కొనాలనుకున్న మనిషి మాత్రం ఎక్కడో ఒక షాపు పేజీకి రాక తప్పదు.

ఏఐతో రోజుకో పది వ్యాసాలు దింపేద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. ర్యాంకుల కోసమే, చదివేవాళ్లకు పనికిరాని పేజీలను కుప్పలుగా తయారుచేయడాన్ని గూగుల్ 2024 మార్చిలో స్పామ్ నిబంధనల్లో స్పష్టంగా చేర్చింది. మనిషి రాశాడా, మెషీన్ రాసిందా అన్నది అక్కడ తేడా కాదు.

రాయదగిన వ్యాసాలు కొన్నే ఉంటాయి. కొనేవాళ్లు ఫోన్ చేసి, చాట్‌లో మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలున్నాయే, అవి. మీరు అమ్మే రెండు మోడళ్లకూ తేడా ఏమిటి, ఏ కొలత ఎవరికి సరిపోతుంది, దేనికి స్పేర్ పార్టులు దొరుకుతాయి. అలాంటి ఒక్క వ్యాసం రాసి, దాన్నుంచి సంబంధిత కేటగిరీకి లింక్ ఇస్తే, పాతిక సాధారణ వ్యాసాల కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

లింకులు కొనడం: వద్దు

ఇతర సైట్లు ఇచ్చే లింకులను ఓట్లలా లెక్కించే పేజ్‌ర్యాంక్ పద్ధతిని లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో ప్రకటించారు. లింకులకు ఇప్పటికీ విలువ ఉంది. అందుకే వాటి చుట్టూ వ్యాపారమూ పుట్టింది. ర్యాంకు కోసం లింకులు కొనడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. 2012లో గూగుల్ తన ర్యాంకుల లెక్కలో తెచ్చిన పెంగ్విన్ అనే మార్పు అలాంటి సైట్లను కిందికి తోసింది. 2016 నుంచి అది ప్రధాన అల్గారిదంలోనే భాగమై, చెత్త లింకులను చాలావరకు లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తోంది. అంటే కొన్న లింకుకు మామూలుగా జరిగేది డబ్బు వృథా. ఇంకా శ్రుతి మించితే గూగుల్ మనుషులే చూసి చర్య తీసుకునే అవకాశమూ ఉంది. మొదటి స్థానం గ్యారెంటీ అని ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయండి. ఆ గ్యారెంటీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ తన సహాయ పేజీల్లోనే రాసింది.

డబ్బు ఇవ్వకుండా న్యాయంగా దొరికే లింకులు కొన్ని ఉంటాయి. మీకు సరుకు ఇచ్చే తయారీదారు సైటులో డీలర్ల జాబితా ఉంటే అందులో మీ పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే అడగండి.

ఉన్న పేజీలు: నెమ్మదిగా, కానీ నిలబడేలా

ముందు ఒక పరీక్ష చేయండి. మీ సరుకు కోసం జనం టైప్ చేసే మాటను ఇన్‌కాగ్నిటో విండోలో (మీ పాత వెతుకులాటల ప్రభావం పడని ప్రైవేటు విండో) వెతికి, మొదటి పది ఫలితాలు ఎలాంటి పేజీలో చూడండి. వ్యాసాలే ఉంటే అక్కడ వ్యాసం కావాలి. షాపుల కేటగిరీ పేజీలు ఉంటే కేటగిరీ పేజీ కావాలి. ఒకే వస్తువు పేజీలు ఉంటే ప్రొడక్ట్ పేజీ. సలహాలన్నీ పక్కన పెట్టినా ఈ ఒక్కటి చాలు, ఎక్కడ కష్టపడాలో తెలుస్తుంది. మోడల్ పేరు లేకుండా వస్తువు రకాన్ని మాత్రమే వెతికినప్పుడు ఎక్కువగా కనబడేవి కేటగిరీ పేజీలు. చిన్న షాపుల్లో అందరూ వదిలేసేవీ అవే.

ఒక లాంపుల షాపు అనుకోండి. కేటగిరీ పేజీ తెరిస్తే వరసగా ఫొటోలు, పైన "ప్రొడక్ట్స్" అన్న ఒక్క మాట, బ్రౌజర్ ట్యాబ్‌లో షాపు పేరు. ఇది ఏ సరుకు పేజీయో గూగుల్‌కు చెప్పేది అక్కడ దాదాపు ఏమీ లేదు. లోపల ఒక వస్తువు పేరు "టీఎల్ 204 బ్లాక్". కింద తయారీదారు ఇచ్చిన నాలుగు వాక్యాలు, అదే సరుకు అమ్మే ఇంకో ముప్పై సైట్లలోనూ అచ్చంగా అవే వాక్యాలు.

ఆ పేరును "టీఎల్ 204 క్లిప్ ఎల్ఈడీ స్టడీ లాంప్, మూడు స్థాయిల వెలుగు, నలుపు" అని మార్చండి. మోడల్ నంబరు తీసేయకండి, దాంతోనే వెతికేవాళ్లూ ఉంటారు. వివరణలో మీ చేత్తో పట్టుకుని చూస్తే తప్ప తెలియనివి రాయండి: క్లిప్ ఎంత మందం ఉన్న బల్లకు పడుతుంది, వైరు పొడవెంత, ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి నడుస్తుందా. "టేబుల్ లాంప్‌లు" అనే పెద్ద కేటగిరీ కింద "క్లిప్ లాంప్‌లు" అని విడిగా ఒక పేజీ చేసి, పైన రెండు మూడు వాక్యాల్లో అవి ఎవరికి పనికొస్తాయో చెప్పండి. "టేబుల్ లాంప్" అన్న పెద్ద మాటకు భారీ మార్కెట్‌ప్లేస్‌లతో పోటీపడి గెలవడం చాలా కష్టం, సన్నని మాటల దగ్గరే చిన్న షాపుకు దారి దొరుకుతుంది.

తరువాత ఫిల్టర్లు. ఒక కేటగిరీలో 6 రంగులు, 4 సైజులు, సరుకును వరసగా చూపే 3 పద్ధతులు అనుకుంటే 72 కలయికలు. ఒక్కోదానికీ విడి వెబ్ అడ్రసు పుడితే గూగుల్ బాట్ (పేజీలను చదివిపోయే గూగుల్ ప్రోగ్రాం) ఇంచుమించు ఒకేలా ఉన్న పేజీల్లోనే తిరుగుతూ ఉంటుంది, కొత్తగా పెట్టిన సరుకు దగ్గరికి ఆలస్యంగా వస్తుంది. అసలు పేజీ ఏదో చెప్పే కెనానికల్ ట్యాగ్ 2009 నుంచే ఉంది. చాలా షాపు ప్లాట్‌ఫామ్‌లలో సెట్టింగ్‌గానే దొరుకుతుంది.

సరుకు అయిపోయినప్పుడు చాలామంది పేజీని తీసేస్తారు. మళ్లీ తెప్పించేదైతే పేజీ ఉంచి "స్టాక్ లేదు" అని పెడితే చాలు. ఇక ఎప్పటికీ రాదనుకుంటే, దానికి దగ్గరి వస్తువు ఉన్నప్పుడు 301 రీడైరెక్ట్‌తో (పాత అడ్రసుకు వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి మళ్లించే ఏర్పాటు) అక్కడికి పంపండి. అన్నిటినీ హోమ్ పేజీకి పంపితే గూగుల్ వాటిని లేని పేజీల కిందే లెక్కగడుతుంది.

ధర, స్టాక్, రేటింగ్ ఫలితాల్లోనే కనబడాలంటే స్కీమా కోడ్ కావాలి, అంటే ఆ వివరాలు ఏవో గూగుల్‌కు అర్థమయ్యేలా పేజీలో పెట్టే గుర్తులు. గూగుల్, బింగ్, యాహూ కలిసి 2011లో తెచ్చిన పద్ధతి ఇది. షాపుల కోసం గూగుల్ నడిపే మర్చంట్ సెంటర్‌లో సరుకు జాబితా ఎక్కిస్తే, ఆ సదుపాయం ఉన్న దేశాల్లో షాపింగ్ ఫలితాల్లో ఉచితంగానే చోటు దొరకవచ్చు. 2020కి ముందు కొన్నేళ్లపాటు అక్కడ డబ్బు కట్టిన ప్రకటనలే ఉండేవి. ఇప్పుడు ఇది వదులుకోకూడని పని. పేజీ సెట్టింగుల్లో వెతికే మాటలు రాయమని అడిగే మెటా కీవర్డ్స్ డబ్బా మాత్రం ఖాళీగా వదిలేయండి, గూగుల్ ర్యాంకులకు దాన్ని వాడదని 2009లోనే చెప్పేసింది.

ఈ దారిలో ఇబ్బంది ఆలస్యం. కొన్ని మార్పుల ఫలితం గంటల్లో కనబడితే, కొన్నిటికి నెలలు పడుతుందని గూగుల్ గైడే చెబుతుంది. అందుకే అన్ని పేజీలూ ఒకేసారి మొదలుపెట్టొద్దు. మీ సైటు వెతుకులాటల్లో ఎలా కనబడుతోందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితం, 16 నెలల డేటా చూపిస్తుంది. అందులో ఇంప్రెషన్లు (ఫలితాల్లో మీ పేజీ ఎన్నిసార్లు కనబడిందన్న లెక్క) బాగా ఉండి, సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉండి, క్లిక్కులు రాని మాటలను వేరు చేయండి. అక్కడ గూగుల్ మిమ్మల్ని ఇప్పటికే చూపిస్తోంది, జనం కంటికి మాత్రం ఆనడం లేదు. పని మొదలుపెట్టాల్సింది ఆ పేజీలతోనే. సున్నా నుంచి పైకి తేవడం కన్నా ఇది చాలా తేలిక.

ప్రకటనలే గెలిచే సందర్భాలు

షాపు నిన్ననే తెరిచి, సెర్చ్ కన్సోల్‌లో ఒక్క అంకె కూడా లేనప్పుడు ప్రకటనలే ముందు. ఏడాదిలో కొన్ని వారాలే అమ్ముడయ్యే సరుకుకూ అంతే, పేజీ పైకి వచ్చేలోగా సీజన్ అయిపోతుంది. అయితే ఆ సీజన్ పేజీని తరువాత తీసేయకండి, అడ్రసులో సంవత్సరం కూడా పెట్టకండి. మరుసటి ఏడు అదే అడ్రసులో కొత్త సరుకు నింపితే, దానికి అప్పటికే వచ్చిన లింకులు పోకుండా ఉంటాయి, ప్రకటనల బడ్జెట్ కొంత తగ్గించుకోవచ్చు.