పాలియెస్టర్ బేస్ ఫిల్మ్: విశాఖ ఉప్పుగాలిలో ఆరేళ్ల వాడకం

నాన్న నెగెటివ్‌ల రేకు డబ్బా మూత తీసినప్పుడు వచ్చిన వాసన ఇప్పటికీ మర్చిపోలేను. బీచ్ రోడ్డులో నూడిల్స్ బండి పక్కన నిలబడితే వెనిగర్ ఘాటు ముక్కుకి కొడుతుంది చూడండి, అచ్చం అదే. లోపల 1970ల నాటి బ్లాక్ అండ్ వైట్ ముక్కలు దాల్చినచెక్కలా చుట్టుకుపోయి ఉన్నాయి. ఒకదాన్ని విప్పబోతే పైపొర ముడతలు పడి, బేస్‌ని, అంటే బొమ్మ పొరని మోసే ప్లాస్టిక్ పట్టీని, వదిలేసి లేచిపోయింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు పెదవాల్తేరు ఇంట్లో ఆ గదంతా తడిసింది. డబ్బా పైన తుడిచాం గానీ లోపల చూడాలని ఎవరికీ తోచలేదు. చూసేసరికి నాలుగేళ్లు దాటిపోయాయి.

ఆ రోజు నుంచి ఫిల్మ్ కొనేముందు నేను చూసేది ఒక్కటే, బేస్ ఏమిటని. స్పీడు, గ్రెయిన్, కాంట్రాస్ట్ గురించి అందరూ రాస్తూనే ఉన్నారు కాబట్టి వాటి జోలికి పోను.

నాన్న నెగెటివ్‌లు అసిటేట్ అనే ప్లాస్టిక్ మీదివి. గాలిలో చెమ్మ, ఎండ వేడి కలిస్తే అసిటేట్ మెల్లగా విరిగి అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లమే మళ్లీ విరుగుడుని వేగం చేస్తుంది. ఒకసారి మొదలైతే ఆపడం మన చేతిలో ఉండదు, చల్లబరిచి నెమ్మదింపజేయడమే. ఈ అసిటేట్‌లోనే ఒక రకమైన ట్రైయాసిటేట్‌ని కోడక్ 1948లో తెచ్చింది. పదేళ్లు తిరగకుండానే అది పాడవుతోందని మొదటి కబురు వెళ్లింది మన భారత ప్రభుత్వం నుంచే. ఇక్కడి వేడికీ ఉక్కకీ ఆ సంగతి ముందు మనకే తెలియడంలో వింతేముంది? పాలియెస్టర్ వేరే ప్లాస్టిక్, దానికి ఈ జబ్బు రాదు. అందుకే మారాను.

నేను వాడుతున్నది విమానం నుంచి నేలని సర్వే చేయడానికి తయారయ్యే రకం ఫిల్మ్‌ని 35 ఎంఎం రోల్స్‌గా కోసి అమ్మేది. సర్వే ఫిల్మ్ సాగకూడదు, కుంచించుకోకూడదు కాబట్టి పాలియెస్టర్ మీదే పోస్తారు. మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. ఇల్‌ఫర్డ్ వాళ్ల బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ హెచ్‌పీ5 ప్లస్‌కి 35 ఎంఎంలో అసిటేట్ బేస్ 0.125 మిల్లీమీటర్లు. అంటే ఇది దానికంటే పల్చన, కానీ రెండు చేతులా పట్టి లాగినా తెగదు. ఆరేళ్లలో 140 రోల్స్ దాకా తీశాను, అన్నీ ఇంట్లోనే కడిగాను. ఆగస్టు ఉక్కపోతలో బాత్రూంలో వేలాడదీస్తే అసిటేట్ అడ్డంగా దోనెలా వంగిపోయేది. ఇది స్కానర్ హోల్డర్‌లో అద్దం పరిచినట్టు పడుకుంటుంది. బేస్ నీళ్లలా తేటగా ఉంటుంది. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే బొమ్మ గాలిలో నిలబడినట్టుంటుంది. ఆ తేటదనం చూసే దీన్ని ప్రేమించాను. నన్ను దెబ్బ కొట్టిందీ అదే.

జూన్ 14తో మన తీరంలో 61 రోజుల వేట నిషేధం ముగుస్తుంది. ఆ తెల్లవారి ఫిషింగ్ హార్బర్‌లో కనబడే హడావిడి ఏడాదికి ఒక్కసారే. మరబోట్ల ముక్కులకి పసుపు కుంకుమ, దండలు, జెట్టీ మీద పగిలిన కొబ్బరికాయలు, ఐసు దిమ్మలు మోసే కుర్రాళ్లు. ఈ ఫిల్మ్ కొన్న రెండో ఏడు నేనక్కడికి ఐదు రోల్స్‌తో వెళ్లాను. తొందరగా మార్చుకోవచ్చని నల్ల డబ్బాల్లోంచి తీసేసి, నాలుకలు, అంటే రోల్‌లోంచి బయటికి వేలాడే ఫిల్మ్ కొసలు, బయటికి కనబడేలా చొక్కా జేబులో పెట్టుకున్నాను. అసిటేట్‌తో పదేళ్లు అలాగే చేశాను, ఒక్క ఫ్రేమూ పోలేదు. ఎండ ఎక్కాక జెట్టీ మీద నిలబడే మూడుసార్లు రోల్ మార్చాను.

రాత్రి ట్యాంకులోంచి తీసి చూస్తే ఎండలో మార్చిన మూడింటికీ మొదటి ఏడెనిమిది ఫ్రేములు మసి. ఉత్త మసి కూడా కాదు. అంచున ఉన్న చిల్లుల నీడలు వరసగా బొమ్మలోకి పాకి ఉన్నాయి. ఒక పెద్దామె బోటు ముందు హారతి పడుతున్న ఫ్రేమ్ ఉంది, నేను ఆ రోజంతా మనసులో దాచుకున్నది. ఆమె చెయ్యి కనబడుతోంది, పళ్లెం కనబడుతోంది, ముఖం ఉండాల్సిన చోట నల్లటి పట్టీ. బకెట్ పక్కన కూర్చుండిపోయాను. కెమెరాలో వెలుతురు కారుతోందనుకుని సీళ్లన్నీ పీకి కొత్తవి అంటించాను. మళ్లీ అదే. కడిగే మందు, డెవలపర్, పాతదనుకుని పారబోశాను. మళ్లీ అదే.

కారణం బేస్‌లోనే ఉంది. తేట పాలియెస్టర్ గాజు తీగలా పనిచేస్తుంది. బయట వేలాడే నాలుక మీద ఎండ పడితే ఆ వెలుతురు బేస్ లోపల్లోపలే పరుగెత్తి, క్యాసెట్ నోటి దగ్గరి నల్ల గుడ్డని దాటి, చుట్టలోకి పోతుంది. 35 ఎంఎం అసిటేట్ నెగెటివ్ బేస్‌లో సన్నటి బూడిద రంగు కలుపుతారు, ఆ దారిని మూయడానికే. మనకి అది మురికిగా కనిపిస్తుంది గానీ అదొక తలుపు. ఈ ఫిల్మ్‌కి ఆ తలుపు లేదు. డబ్బా మీద సన్నటి అక్షరాల్లో నీడలో ఎక్కించమని రాసే ఉంది. ఆ మాట ప్రతి ఫిల్మ్ డబ్బా మీదా ఉంటుంది కాబట్టి నా కన్ను దాని మీద ఆగలేదు. దీని విషయంలో అది ముందు వైపు, పెద్ద అక్షరాల్లో ఉండాల్సిన మాట. ఇప్పటికీ నా కోపం అదే.

మరుసటి ఏడు అదే రోజు, అదే జెట్టీ. ఈసారి రోల్ నల్ల డబ్బా దిగేది ఎక్కించే క్షణంలోనే, అదీ తల మీదుగా తువ్వాలు కప్పుకుని, ఒడ్డుకి లాగిన తెప్ప నీడలో కూర్చుని. పక్కన వల సర్దుకుంటున్న పెద్దాయన చూసి, "ఏటి బాబూ, తువ్వాలేసుకుని ఏటి సేత్తన్నారు?" అన్నాడు. చెప్పాను. విని తనే లేచి నిలబడి నాకు ఎండ అడ్డం పెట్టాడు. ఆ రోల్స్‌లో ఒక్క ఫ్రేమూ పోలేదు. హారతి పట్టిన ఆమె మాత్రం మళ్లీ కనబడలేదు.

పైన చెప్పిన మెచ్చుకోళ్లలో కొన్ని సర్దుకోవాలి. అద్దంలా పడుకుంటుందన్నది అడ్డంగా నిజం. నిలువుగా మాత్రం చుట్ట గుణం పోదు. అసిటేట్ నీళ్లు పీల్చి కడుగుడులో ఆ వంపు మర్చిపోతుంది. ఇది నీళ్లు పీల్చదు కాబట్టి మర్చిపోదు, రోల్ చివరి ముక్కల్ని పుస్తకాల కింద వారం నొక్కాల్సిందే. తెగదన్నదీ రెండు వైపులా కోసే కత్తి. ఒకసారి రోల్ అయిపోయిందని గమనించక లివర్ గట్టిగా లాగాను. అసిటేట్ అయితే ఫిల్మ్ చిరిగేది. ఇది చిరగలేదు, లోపల పళ్లచక్రం అరిగింది. సినిమా వాళ్లకి ఇది తెలిసిన లెక్కే. థియేటర్ ప్రింట్లు పాలియెస్టర్‌కి మారినా కెమెరాలో తిరిగే నెగెటివ్‌కి అసిటేట్ వదల్లేదు.

ఇంకోటి, పోయిన వర్షాకాలం నా కంటపడింది. నాలుగేళ్ల నాటి రెండు ముక్కల మీద ఫంగస్ చుక్కలు. బేస్ చెడలేదు, నిజమే. కానీ పైన పోసింది జెలటినే కదా, మన చెమ్మలో బూజుకి అది మంచి తిండి. ఇప్పుడు అన్నీ సిలికా జెల్‌తో బిగుతు డబ్బాల్లో ఉన్నాయి.

కొత్త ఫిల్మ్ వస్తోందన్న కబురు వింటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. 2018లో కోడక్ స్లైడ్ ఫిల్మ్ ఎక్టాక్రోమ్ తిరిగొచ్చినప్పుడూ అంతే, 2023 డిసెంబరులో హార్మన్ వాళ్ల కలర్ ఫిల్మ్ ఫీనిక్స్ 200 వచ్చినప్పుడూ అంతే. కలర్ నెగెటివ్‌లకి మామూలుగా ఉండే నారింజ రంగు, మాస్క్ అంటారు, ఫీనిక్స్‌కి లేదని తెలిసి, బేస్ కూడా మారిందేమోనని ఆశపడ్డాను. రోల్ చేతికి రాగానే నాలుక చివర రెండు వేళ్లతో పట్టి లాగితే పర్రున చిరిగింది. అసిటేటే. కడిగాక తేటగా ఉన్న చివరి ముక్కని రెండు పోలరైజర్ ఫిల్టర్ల మధ్య పెట్టి కూడా చూశాను. పాలియెస్టర్ అయితే నెమలి ఈక రంగులు పలుకుతాయి, ఇందులో పలకలేదు. రంగులు మాత్రం నాకు నచ్చాయి, ఇంకో మూడు కొన్నాను. 2025 అక్టోబరులో కోడక్ కలర్ ఫిల్ములు కోడాకలర్ 100, 200 వచ్చాయన్నప్పుడు కూడా నా మొదటి ప్రశ్న అదే.

మీరు కొనాలా? నాది మోటారు లేని పాత కెమెరా, కడుగుడు ఇంట్లోనే, ఇల్లు సముద్రానికి కూతవేటు దూరం. ఈ మూడూ ఉన్నాయి కాబట్టి నాకు సరిపోయింది. పెళ్లిళ్లలో చకచకా రోల్స్ మార్చేవాళ్లకీ, మోటారు కెమెరా ఉన్నవాళ్లకీ ధైర్యంగా చెప్పలేను. హైదరాబాద్ లాంటి పొడి ఊళ్లో ఏసీ గదిలో దాచుకునేవాళ్లకి అసిటేట్‌తోనే గడిచిపోతుందేమో.

నాన్న ముక్కల్లో ఇంకా విప్పగలిగినవి 31 మిగిలాయి. రాత్రిపూట ఒక్కొక్కటే లైట్ టేబుల్ మీద గాజు పలక కింద పరిచి, ఈ ఫిల్మ్ మీదికే నకలు ఎక్కిస్తున్నాను. ఇప్పటికి 12 అయ్యాయి.