బుర్జ్ ఖలీఫా 148వ అంతస్తు: ఎక్కువ డబ్బు పెడితే అదనంగా దక్కేదేమిటి

దుబాయ్ ప్లాన్ చేసుకుంటున్న వాళ్ళు ఎవరు కలిసినా నన్ను ఇదే అడుగుతున్నారు, బుర్జ్ ఖలీఫాకి మామూలు టికెట్ సరిపోతుందా, లేక 148వ అంతస్తుకి తీసుకెళ్ళే ఆ ఖరీదైన స్కై టికెట్ తీసుకోవాలా అని. ముందు సూటిగా చెప్పేస్తాను. వయసు పైబడిన అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే స్కై టికెట్ తీసుకోండి, డబ్బు వృథా కాదు. ఫ్రెండ్స్‌తోనో, కొత్తగా పెళ్ళైన జంటగానో వెళ్తుంటే మామూలు టికెట్ చాలు, కాకపోతే దాన్ని ఏ టైముకి బుక్ చేస్తారన్నది చాలా ముఖ్యం. ఇంకో ఇరవై నాలుగు అంతస్తులు పైకి వెళ్ళొచ్చన్న ఆశ ఒక్కదాని కోసమే అయితే మాత్రం అంత డబ్బు పెట్టొద్దు.

ఎందుకో వివరంగా చెప్తాను.

మామూలు టికెట్‌తో 124, 125 అంతస్తులు చూడొచ్చు. అంటే నేల నుంచి సుమారు 452 మీటర్ల ఎత్తు. స్కై టికెట్‌తో 148వ అంతస్తుకి తీసుకెళ్తారు, అది 555 మీటర్లు. తేడా వంద మీటర్లు, మన చార్మినార్ లాంటివి రెండు ఒకదాని మీద ఒకటి పెడితే దాదాపు అంత. వినడానికి చాలా ఎక్కువ అనిపిస్తుంది కానీ, అర కిలోమీటరు పైనుంచి చూసే కంటికి ఆ వంద మీటర్ల తేడా పెద్దగా తెలియదు. కింద కార్లు 124 నుంచీ చిన్నగానే కనిపిస్తాయి, 148 నుంచి ఇంకాస్త చిన్నగా కనిపిస్తాయి, అంతే. స్కై డెక్ 2014లో తెరిచినప్పుడు ప్రపంచంలోనే అత్యంత ఎత్తైన అబ్జర్వేషన్ డెక్ (పైనుంచి చుట్టూ చూసే చోటు) అది, ఆ తర్వాత షాంఘై టవర్ దాన్ని దాటేసింది, కాబట్టి ఎవరైనా ఇంకా ఆ మాట చెప్పి అమ్మితే నమ్మకండి.

డబ్బు సంగతి. స్కై టికెట్ ధర మామూలు దానికి రెట్టింపు పైనే ఉంటుంది, రెండింటికీ గంటను బట్టి రేటు మారుతుంది, సూర్యాస్తమయం దగ్గరి వేళలకి ఎక్కువ. దిర్హం డాలరుకి 3.67 దగ్గర కట్టేసి ఉంటుంది కాబట్టి డాలరు ముందు మన రూపాయి పడినప్పుడల్లా ఈ టికెట్ కూడా మనకి పెరిగినట్టే. నలుగురు మనుషులకి లెక్కేస్తే మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. "అంత డబ్బు పెట్టి పైకెక్కి ఏం చూస్తం బిడ్డా, కింద నుంచి ఫొటో దిగుదాం" అంది అమ్మ. నాన్న ఏమీ అనలేదు. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీర్‌గా చేసి రిటైరయ్యారు, ఆ బిల్డింగ్ గురించి ఆయనకి ఎంత ఆసక్తో నాకు తెలుసు. మోకాళ్ళ నొప్పితో ఎక్కువసేపు నిలబడలేరు, ఆ కారణం చెప్పి నేనూ తమ్ముడూ స్కై టికెట్ ఖాయం చేసేశాం.

టికెట్ నేరుగా అధికారిక వెబ్‌సైట్‌లోనే తీసుకోండి. మేము మొదట హైదరాబాద్‌లో ఒక ట్రావెల్ ఏజెంట్‌ని అడిగితే ప్యాకేజీలో "బుర్జ్ ఖలీఫా విజిట్" ఉందని చెప్పాడు. కాగితం మీద చిన్న అక్షరాల్లో చూస్తే అది బయట బస్సు ఆపి ఫొటో తీసుకోనివ్వడం మాత్రమే. పైకి ఎక్కించేది వేరే, దానికి వేరే డబ్బు. ఇంకొకతను పైకి ఎక్కించే టికెట్టే చూపించాడు కానీ అది పొద్దున టైముది, ధర మాత్రం సాయంత్రం టికెట్‌తో సమానంగా చెప్పాడు. మీ ఏజెంట్‌ని మూడే ప్రశ్నలు అడగండి: ఏ అంతస్తు, ఏ తేదీ, ఏ గంట. ఈ మూడూ రాతలో ఇవ్వకపోతే వాళ్ళ దగ్గర తీసుకోకండి.

శంషాబాద్ నుంచి నేరుగా విమానం ఎక్కితే సుమారు నాలుగు గంటల్లో దుబాయ్, అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక. ఎక్కడ దిగాలన్నది రెండో పెద్ద ప్రశ్న. డౌన్‌టౌన్‌లో బుర్జ్ కనిపించే గది అంటే రేట్లు భయంకరంగా ఉంటాయి. మేము బర్ దుబాయ్ వైపు ఒక మధ్యరకం హోటల్‌లో దిగాం, గది శుభ్రంగా ఉంది, చుట్టుపక్కల మన తిండి దొరికింది, మెట్రో దగ్గర. ఒక్కటే ఇబ్బంది, పొద్దున్నే చేరితే మధ్యాహ్నం దాకా గది ఇవ్వలేదు, పొద్దున్నే ఇస్తామని ముందుగా మెయిల్‌లో ఒప్పుకున్నారు కూడా. నాన్న లాబీలో సోఫా మీదే గంటల తరబడి కూర్చోవాల్సి వచ్చింది, అది నాకు చాలా బాధనిపించింది. పెద్దవాళ్ళతో వెళ్తే రాత్రి ఫ్లైట్ కన్నా మధ్యాహ్నానికి చేరే ఫ్లైట్ మేలు. బుకింగ్‌లో కనిపించే ధర కాక టూరిజం దిర్హం అని రాత్రికి, గదికి, హోటల్ స్థాయిని బట్టి 7 నుంచి 20 దిర్హంల దాకా అక్కడ కౌంటర్‌లో కట్టాలి, అదీ లెక్కలో పెట్టుకోండి.

మెట్రో చాలా బాగుంటుంది. ఆడవాళ్ళకి, పిల్లలకి వేరే పెట్టె ఉంటుంది, అమ్మకి అది బాగా నచ్చింది. కానీ బుర్జ్ ఖలీఫా/దుబాయ్ మాల్ స్టేషన్‌లో దిగాక మాల్‌కి చేరడానికి ఒక పొడవాటి ఏసీ వంతెన మీద నడవాలి. నడిచే బెల్టులు ఉన్నాయి, అయినా దూరం దూరమే, ఆ తర్వాత మాల్ లోపల మళ్ళీ నడక. దుబాయ్ మాల్ అంటే 1,200 పైగా దుకాణాలు, అందులో దారి తప్పకుండా కింది అంతస్తులోని ఎట్ ది టాప్ (బుర్జ్ పైకి ఎక్కించే చోటుకి పెట్టిన పేరు) ప్రవేశం దగ్గరికి చేరడమే ఒక పని. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళుంటే మెట్రో వద్దు, టాక్సీలో మాల్ దాకా వెళ్ళండి. మేము అలాగే వెళ్ళాం, అయినా టికెట్ టైముకి ముప్పావుగంట ముందు బయల్దేరడం మంచిదైంది.

ఇక స్కై టికెట్ విలువ ఎక్కడ తెలుస్తుందంటే, లిఫ్టు ఎక్కకముందే. మామూలు టికెట్ వాళ్ళు వరుసలో నిలబడి మెల్లగా కదులుతుంటే మమ్మల్ని ఒక లాంజ్‌లో కూర్చోబెట్టారు. సోఫాలు, ఖర్జూరాలు, చిన్న కప్పుల్లో అరబ్ కాఫీ. ఆ కాఫీలో యాలకుల వాసన గట్టిగా వస్తుంది, పాలు ఉండవు, అమ్మ ఒక గుక్క తాగి పక్కన పెట్టింది, నాన్న రెండు కప్పులు తాగారు. కాసేపటికి చిన్న గుంపుగా పిలిచి, ఒక గైడ్‌ని తోడిచ్చి తీసుకెళ్ళారు. లిఫ్టు సెకనుకి 10 మీటర్ల వేగంతో లేస్తుంది, చీకటి గదిలో బొమ్మలు చూస్తుండగానే చెవులు మూసుకుపోయాయి, నిమిషం అయ్యేసరికి పైన ఉన్నాం. అక్కడ ఇంకో లిఫ్టు మారి 148.

148లో నాకు మొదట తెలిసింది ఎత్తు కాదు, నిశ్శబ్దం. మనుషులు తక్కువ. అద్దం దగ్గర ఎవరూ తోయలేదు, ఎవరి సెల్ఫీ స్టిక్కూ మొహానికి అడ్డం రాలేదు, నాన్న కూర్చోవడానికి కుర్చీ దొరికింది. జ్యూస్‌లు, చిన్న చిన్న తినుబండారాలు ట్రేల్లో పెట్టి ఇస్తున్నారు. బయటికి వెళ్ళే టెర్రస్ కూడా ఉంది, అక్కడ గాలి గట్టిగా కొడుతుంది, డిసెంబర్‌లో అయితే పైన చలిగానే ఉంది, పెద్దవాళ్ళకి శాలువా ఒకటి పట్టుకెళ్ళండి. తల ఎత్తి చూస్తే మన పైన ఇంకా 273 మీటర్ల బిల్డింగ్ ఉంది! మొత్తం 828 మీటర్లు కదా. ఆ క్షణంలో నాన్న మొహం చూడాల్సింది.

ఆయన గైడ్‌ని వదల్లేదు. పునాది ఎంత లోతు, ఇసుక నేలలో ఎలా నిలబెట్టారు, గాలికి ఊగదా అని వరుసగా అడిగారు, ఆ అమ్మాయి విసుక్కోకుండా చెప్పింది. కింద 192 పైళ్ళు, అంటే నేలలోకి దింపిన స్తంభాలు, ఒక్కోటి ఒకటిన్నర మీటర్ల వ్యాసం, వాటి మీద 3.7 మీటర్ల మందం కాంక్రీట్ రాఫ్ట్, అంటే పెద్ద పలక. బిల్డింగ్ ప్లాన్ మూడు రెక్కలుగా ఉంటుంది, ఒక రెక్కకి మిగతా రెండూ దన్నుగా నిలబడతాయి. పైకి వెళ్ళేకొద్దీ ఒక్కో రెక్కా ఒక్కో ఎత్తులో లోపలికి తగ్గుతూ పోతుంది కాబట్టి గాలి ఒక పద్ధతిగా సుడి కట్టి బిల్డింగ్‌ని ఊపడానికి వీలుండదు. ఆర్కిటెక్ట్ ఏడ్రియన్ స్మిత్, ఇంజనీర్ బిల్ బేకర్ పేర్లు నాన్నకి ముందే తెలుసు. ఆయన్ని ఎక్కువ కదిలించింది మాత్రం ఏసీ నీళ్ళ సంగతి. ఆ ఉక్కపోత గాలి నుంచి ఏసీ యంత్రాల్లో కారే నీళ్ళని పారబోయకుండా ట్యాంకులో పట్టి, ఏటా కోటిన్నర గ్యాలన్ల దాకా కింది తోటలకి వాడతారట. "నీళ్ళు లేని దేశం నీళ్ళని ఎట్ల చూసుకుంటున్నదో చూసినవా బిడ్డా, మనం వానాకాలం వచ్చిన నీళ్ళన్నీ మూసీలకు వదిలేస్తం" అన్నారు. ఉద్యోగమంతా కాలువల మీద తిరిగిన మనిషి అన్న మాట అది, నాకు చాలా కాలం గుర్తుండిపోతుంది.

మేము తీసుకున్నది సూర్యాస్తమయానికి గంట ముందు టైము. డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం అయిదున్నరకే సూర్యుడు దిగిపోతాడు. పైనుంచి చూస్తుంటే కింద వీధుల్లో దీపాలు వెలిగిపోయాయి, మాకింకా ఎండ తగులుతూనే ఉంది. దీనికి సంబంధించి గైడ్ చెప్పిన సంగతి ఒకటి: రంజాన్ ఉపవాసాల్లో 80వ అంతస్తు పైన ఉన్నవాళ్ళు కింది వాళ్ళ కన్నా రెండు నిమిషాలు, 150 పైన ఉన్నవాళ్ళు మూడు నిమిషాలు ఆగి ఇఫ్తార్ చేయాలని 2011లో అక్కడి మతాధికారులు చెప్పారట, పైనున్న వాళ్ళకి సూర్యుడు ఆలస్యంగా అస్తమిస్తాడు కాబట్టి. పాతబస్తీలో ఇఫ్తార్ సైరన్ కోసం ఎదురుచూసే జనాన్ని చూసి పెరిగిన మాకు ఇది వెంటనే మనసుకి పట్టింది.

148లో మనల్ని ఉంచేది కొంతసేపే, సుమారు అరగంట అనుకోండి. తర్వాత 125కి, 124కి దింపుతారు, అక్కడ మీ ఇష్టమున్నంతసేపు ఉండొచ్చు. అక్కడికి రాగానే తేడా తెలిసిపోతుంది: జనం, గోల, అద్దం దగ్గర చోటు కోసం ఎదురుచూపు. ఫొటోలు తీసి అమ్మేవాళ్ళు, సావనీర్ షాపు అన్నీ ఇక్కడే. అయినా చూసే దృశ్యం మాత్రం ఇంచుమించు అదే. షేక్ జాయెద్ రోడ్డు వెలుగు, అటు చీకటి పడుతున్న సముద్రం, ఇటు ఎడారి. అందుకే వయసులో ఉన్నవాళ్ళకి 124 చాలంటున్నాను. సూర్యాస్తమయానికి గంటన్నర ముందు టికెట్ తీసుకుంటే ధర కాస్త తక్కువ పడొచ్చు, పైనే ఉండిపోయి పగలు, సాయంత్రం, రాత్రి మూడూ ఒకే టికెట్ మీద చూసుకోవచ్చు. నవంబర్ నుంచి మార్చి మధ్య వెళ్ళండి. ఎండాకాలంలో దుమ్ము, ఉక్క వల్ల దూరం ఏమీ కనిపించదు, శీతాకాలం పొద్దున్నల్లో ఒక్కోసారి పొగమంచు కమ్మేస్తుంది.

దిగి మాల్‌లోకి వచ్చాక ఒక హౌస్‌కీపింగ్ అతను మా తెలుగు విని ఆగాడు. "హైదరాబాదా సార్? మాది కోరుట్ల దిక్కు" అన్నాడు. నాన్న కరీంనగర్‌లో పనిచేసిన రోజులు, ఊళ్ళ పేర్లు, ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువలు, ఇద్దరూ అయిదు నిమిషాలు ఆపకుండా మాట్లాడుకున్నారు. వాళ్ళ చిన్నాయన ఈ బిల్డింగ్ కట్టేటప్పుడు సెంట్రింగ్ పని చేశాడట. పని జోరుగా సాగిన రోజుల్లో ఒకేసారి 12,000 మంది దాకా ఇక్కడ పనిచేశారు, వాళ్ళలో చాలామంది మన దేశం వాళ్ళే. "నువ్వు పైకి పోయినవా?" అని అమ్మ అడిగింది. పోలేదన్నాడు, "పోతా అమ్మా, మా ఆమెను తీసుకొచ్చినప్పుడు పోతా" అన్నాడు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయ్ వెళ్ళిన ఇళ్ళు మనకి తెలియనివి కావు. అక్కడ మన భాషలో ఎవరైనా పలకరిస్తే ఒక్క నిమిషం ఆగండి.

చేతిలో డబ్బు తక్కువుంటే దుబాయ్ ఫ్రేమ్ చూడండి. 150 మీటర్లే, టికెట్ సుమారు 50 దిర్హంలు, పైన గాజు నేల మీద నడవొచ్చు. ఒకవైపు డేరా అనే పాత ఊరి ప్రాంతం, ఇంకోవైపు కొత్త టవర్ల వరుస కనిపిస్తాయి. అమ్మకి బుర్జ్ కన్నా ఇదే నచ్చింది, ఎందుకంటే ఇక్కడి నుంచి మనుషులు మనుషుల్లా కనిపిస్తున్నారంది. అలాగే క్రీక్ (ఊళ్ళోకి వచ్చిన సముద్రపు పాయ) దాటే అబ్రా పడవ, మనిషికి ఒక దిర్హం, సాయంత్రం పూట అంత తక్కువ డబ్బుకి అంత హాయి ఇంకెక్కడా దొరకలేదు.

బుర్జ్ ముందు ఫౌంటెన్‌ని పైనుంచి చూడాలని మాత్రం టికెట్ టైము దానికి కలపకండి. 148 నుంచి అది చిన్న తెల్లటి గీతల్లా ఉంటుంది, పాట వినబడదు. కిందికి దిగాక మాల్ బయట చెరువు గట్టున నిలబడి చూస్తే ఉచితం, నీళ్ళ తుంపర మొహాన పడుతుంది. నాన్నకి కూర్చునే చోటు కోసం షోకి ఇరవై నిమిషాల ముందే వెళ్ళి గట్టు అంచు పట్టుకున్నాం. అది అవ్వగానే జనమంతా ఒకేసారి టాక్సీల వైపు వెళ్తారు, ఆ వరుస చాలా పొడుగు, కాబట్టి పెద్దవాళ్ళుంటే ఇంకో షో కూడా చూసి, రద్దీ తగ్గాక బయల్దేరండి.