మూడు సంక్రాంతులు, ఒక కేలరీల యాప్, మా అత్తమ్మ మూకుడు

మాది వరంగల్ వైపు. అత్తగారిది భీమవరం దగ్గర ఒక ఊరు. ఇంత చెప్తే చాలామందికి నా కష్టం అర్థమైపోతుంది. అర్థం కానివాళ్లకు ఒక్క ముక్క: అక్కడ సంక్రాంతికి వచ్చిన అల్లుడి విస్తట్లో ఏదైనా ఖాళీ అయిందంటే అది వడ్డించినవాళ్ల తప్పు. ఆ తప్పు ఎవరూ చెయ్యనివ్వరు.

2023 జనవరిలో కొత్త అల్లుడిగా వెళ్లి నాలుగు రోజులు హాయిగా తినొచ్చాను. మార్చిలో ఆఫీసువాళ్లు చేయించిన హెల్త్ చెకప్‌లో ఫ్యాటీ లివర్ అన్నారు, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువన్నారు. బరువు 91 కిలోలు. నేరమంతా అత్తగారింటి మీదకు తోసెయ్యను, హైదరాబాద్ బిర్యానీలకూ అందులో వాటా ఉంది. ఆ వారమే ఈ కేలరీల యాప్ వేసుకున్నాను, ఒక చిన్న డిజిటల్ కాటా కొన్నాను. దాదాపు మూడేళ్లుగా రోజూ వాడుతున్నాను. ఇప్పుడు 79. యాప్ పేరు చెప్పను. ఇలాంటివి నాలుగైదు మార్చి మార్చి చూశాను, ఇబ్బందులు ఇంచుమించు ఒకటే.

మామూలు రోజుల సంగతి త్వరగా చెప్పేస్తాను. బాగుంది. మన ఇంట్లో మనం తినేవి తిప్పితిప్పి ఇరవై ముప్పై వంటలే. ఒకసారి ఎక్కించుకుంటే రోజుకు ఐదు నిమిషాల పని. పెరుగు, పాలు, బ్రెడ్ ప్యాకెట్ల మీద బార్‌కోడ్ చూపిస్తే చాలు. అన్నం 100 గ్రాములకు 130 కేలరీలు అన్న ఒక్క సంగతి కంటికి కనబడ్డాక నా కంచం దానంతటదే చిన్నదైంది. మొదటి ఆరు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాను.

అసలు పరీక్ష పండగే.

2024 సంక్రాంతికి కాటాను బ్యాగులో పెట్టుకుని బయల్దేరాను. పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్ల బారులో ఇరుక్కుని, రాబోయే నాలుగు రోజులకు రోజుకు 1,900 కేలరీలని ప్లాన్ వేశాను. నవ్వకండి. భోగి నాడు మధ్యాహ్నం విస్తరి పక్కన కాటా పెట్టి, గిన్నె పెట్టి, పులిహోర అందులో వేసి తూచాను. గది నిశ్శబ్దమైపోయింది. మా ఆవిడ తాతగారు కళ్లజోడు సర్దుకుని, "ఏంటండీ, బంగారమేమైనా కొన్నారా?" అన్నారు. బావమరిది పగలబడి నవ్వాడు. అత్తమ్మ మాత్రం నవ్వలేదు. "మా వంట సరిపడట్లేదా అండీ?" అని మెల్లగా అడిగింది. ఆ రాత్రి మా ఆవిడ నాతో మాట్లాడలేదు. కాటా బ్యాగులోకి వెళ్లిపోయింది, నేను ఆ నాలుగు రోజులూ ఏమీ రాయలేదు. తిరిగొచ్చాక యాప్ తెరిస్తే, వరుసగా రాసిన 290 రోజుల లెక్క తెగి సున్నా అయింది. ఆ సున్నా చూసి నిజంగానే బాధపడ్డాను. ముప్పై మూడేళ్ల మనిషిని, ఫోన్‌లో ఒక అంకె కోసం! ఈ యాప్‌లు చేసే చెడ్డ పని ఇదే అనుకుంటాను. తినడాన్ని పరీక్ష చేస్తాయి, పాసైతే పచ్చ, ఫెయిలైతే ఎరుపు.

2025లో తెలివి మీరాను. కాటా లేదు, పొద్దున టిఫిన్ మానేశాను, మధ్యాహ్నానికి కేలరీలు మిగులుతాయని. అత్తగారింట్లో టిఫిన్ మానడం అంత తేలిక కాదు. కడుపు బాలేదని అబద్ధం ఆడాల్సి వచ్చింది, దానికి వాము నీళ్లు తాగాల్సి వచ్చింది. ఒంటిగంటకు విస్తరి ముందు కూర్చునేసరికి ఆకలి కళ్లల్లోకొచ్చింది. పూర్ణం బూరెలు ఎన్ని తిన్నానో అప్పుడు లెక్క లేదు, యాప్‌లో మాత్రం రెండని రాశాను. దొంగ లెక్క ఎవరికి చూపిద్దామనో నాకే తెలియదు. ఒకటి మాత్రం చెప్తాను, పండగ రోజు పొద్దున ఇడ్లీ మానకండి. రెండు ఇడ్లీలకు భయపడి ఆరు బూరెలు తిన్న మనిషి చెప్తున్న మాట.

ఇక యాప్ లోపాల్లో నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది మన వంటల లెక్కలు. "అరిసె" అని వెతికితే ఒకచోట 95 కేలరీలు, ఇంకోచోట 310. రెండూ వాడేవాళ్లు ఎక్కించినవే, ఏ సైజు అరిసెకో రాయలేదు. సకినాలు దొరికాయి, కానీ ఎవరో "ఒక కప్పు" అని కొలత పెట్టారు. సకినాలను కప్పులో ఎలా పెడతారో మా అమ్మను అడగాలి. ఫోటో తీస్తే వంటేమిటో అదే గుర్తుపడుతుందన్నారు, దానికి విడిగా డబ్బు కట్టాను. బొబ్బట్టును చపాతీ అంది. గోంగూరను పాలకూర అంది. బొబ్బట్టులో పూర్ణం లోపల ఉంటుంది, పైన రాసిన నెయ్యి ఫోటోలో మెరుపుగానే కనిపిస్తుంది, కాబట్టి దాని తప్పు కూడా లేదు. ఊళ్లో సిగ్నల్ ఒక గీత ఉంటే గొప్ప, నెట్ లేకపోతే వెతుకుడే లేదు.

ఈ ఏడాది సంగతి వేరు. అనుకుని చేసింది కాదు. పండక్కి మూడు రోజుల ముందే వెళ్లాం, ఇంట్లో అరిసెలు వండుతున్నారు. అత్తమ్మ పాకం పడుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చుని, "కిలో బియ్యానికి బెల్లం ఎంత అత్తమ్మా?" అని ఊరికే అడిగాను. ఆమె మొహం వెలిగిపోయింది. తినేటప్పుడు తూచడం ఆమెకు అవమానం. వండేటప్పుడు కొలత అడగడం మాత్రం గౌరవం. రెండేళ్లు ఈ తేడా నాకు తట్టలేదు.

ఆమె లెక్క సోలల్లో, పిడికెళ్లలో ఉంటుంది. కాటా బయటికి తీస్తే ఈసారి ఎవరూ ఏమీ అనలేదు. సోల నిండా బియ్యం పోసి ఒక్కసారి తూచుకున్నాం, ఆ తర్వాత మళ్లీ అడగాల్సిన పని లేకపోయింది. ఒక వాయి లెక్క ఇదీ: నానబెట్టక ముందు బియ్యం కిలో, బెల్లం 800 గ్రాములు, నువ్వులు 50 గ్రాములు. నూనె ఎంత తాగిందో తెలియాలి కదా, వండకముందు మూకుడుతో సహా తూచాను. రాత్రి పూర్తిగా చల్లారాక, అరిసెలు నొక్కినప్పుడు కారిన నూనె కూడా అందులోనే పోసి మళ్లీ తూచాను. 250 గ్రాములు తగ్గింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 పదార్థాల పోషక విలువలతో పట్టిక వేసింది. అందులో వండని బియ్యానికైనా బెల్లానికైనా 100 గ్రాములకు దాదాపు 355 కేలరీలు. నూనె గ్రాముకు 9. అన్నీ కలిపితే వాయి మొత్తం దాదాపు 8,900. వచ్చిన అరిసెలు 44. అంటే ఒక్కోటి రెండు వందల పైచిలుకు. యాప్‌లోని 95 కాదు, 310 కూడా కాదు.

ఇక్కడ ఒక సరదా ప్రయోగం. మూకుట్లోంచి తీసిన అరిసెను నొక్కకుండా తూచాను, 58 గ్రాములు. రెండు చెక్కల మధ్య పెట్టి అత్తమ్మ గట్టిగా నొక్కాక 50. ఆ ఎనిమిది గ్రాములూ నూనే, అంటే 72 కేలరీలు. కోడళ్లు నొక్కితే సరిగ్గా కారదని ఆమె ఎప్పుడూ సణుగుతుంది, ఆ సణుగుడుకు ఇప్పుడు లెక్క దొరికింది. పెద్ద కోడలు మాత్రం నన్ను అప్పట్నుంచీ అనుమానంగా చూస్తోంది.

బూరెలు కూడా అలాగే లెక్కేశాం. ఒక్కోటి 155 దాకా వచ్చింది. అంతే కదా అనుకోకండి. గోదావరి వాళ్లు బూరెను ఊరికే తినరు. బొటనవేలితో మధ్యలో గుంట చేసి అందులో నెయ్యి పోస్తారు. ఆ గుంటలో పట్టేది పది గ్రాములు, 90 కేలరీలు. నెయ్యి లేకుండా తినమంటే నేనే ఒప్పుకోను, అది బూరె కాదు. కానీ లెక్క తెలిశాక నాకు వీలైంది ఒకటే, నెయ్యి పోసుకుని రెండు తినడం. అంతకుముందు ఐదారు దాటేవి. కనుమ నాడు గారెలు, నాటుకోడి. కనుమకు మినుము తినాలంటారు కాబట్టి గారె వద్దనడానికి శాస్త్రం కూడా ఒప్పుకోదు. అరకిలో మినప్పప్పుకు 36 గారెలొచ్చాయి, ఒక్కోటి 90. ఇందులో యాప్ చెప్పిన అంకె 97, మొదటిసారి దాన్ని మెచ్చుకున్నాను. కోడికూర గిన్నెను ఖాళీగా ఒకసారి, కూరతో ఒకసారి తూచుకుంటే గరిటెకెంతో తెలిసిపోయింది. ఇవన్నీ వంటింట్లోనే అయిపోయాయి. విస్తరి దగ్గర ఫోన్ తియ్యలేదు, కాటా తియ్యలేదు, రాత్రి పడుకునేముందు మూడు నిమిషాల్లో రాసుకున్నాను.

ఇలా వంట మొత్తాన్ని ఎక్కించి ముక్కలతో భాగించే సదుపాయం యాప్‌లో మొదట్నుంచీ ఉంది. మెనూలో లోపలెక్కడో దాచారు. మూడేళ్లలో దాని గురించి నాకు ఒక్క నోటిఫికేషన్ రాలేదు, డబ్బు కట్టమని మాత్రం వారానికి రెండొచ్చేవి.

వడ్డన సంగతి. కొసరి కొసరి వేసేవాళ్లను ఏ యాప్ ఆపలేదు. నాకు పనిచేసింది చిన్న ఉపాయం: ఒకటి తిని, "ఇది సాయంత్రం టీతో తింటానండీ, పక్కన పెట్టండి" అనడం. వద్దు అంటే బాధపడతారు, తర్వాత అంటే సంతోషిస్తారు. సాయంత్రం ఎలాగూ వేరే ఏదో వస్తుంది, ఆ బూరెను బావమరిది తినేస్తాడు. "ఆయ్, లెక్కలు పండగయ్యాక చూసుకుందురు గానీండీ, ఇంకోటి వేసుకోండి" అని మావయ్యగారు మాత్రం ఇప్పటికీ వదలరు, ఆయన వేస్తే తినేస్తాను.

నాలుగు రోజుల సగటు రోజుకు 2,700 వచ్చింది. రోజువారీ పేజీలో నాలుగూ ఎరుపే. కానీ వారం సగటు పేజీ తీస్తే, పండగకు ముందు మూడు రోజులూ కలిపి 2,350 దగ్గర ఆగింది. పండగ నెలలో నేను రోజువారీ పేజీ తెరవడం మానేశాను, వారానిదే చూస్తాను.

హైదరాబాద్ వచ్చి బరువు చూసే మెషిన్ ఎక్కితే 2.6 కిలోలు పెరిగాను. మొదటి ఏడాదైతే గుండె జారేది. ఇప్పుడు లెక్క వేసుకున్నాను. కిలో కొవ్వు పెరగాలంటే దాదాపు 7,700 కేలరీలు అదనంగా తినాలి, అంటే 2.6 కిలోలకు 20,000. నాలుగు రోజుల్లో రోజుకు అయిదు వేలు అదనం. మా అత్తమ్మ ఎంత ప్రయత్నించినా అది సాధ్యం కాదు. ఉప్పు, పిండి పదార్థాలు ఎక్కువ తింటే ఒంట్లో నీరు నిలుస్తుంది, అంతే. తొమ్మిది రోజుల్లో రెండు కిలోలు దానంతటదే దిగింది. ఈ సంగతి మాత్రం యాప్ చెప్పదు. 2.6 చూడగానే మర్నాటి కేలరీల పరిమితి తగ్గించుకోమని సలహా ఇచ్చింది. పట్టించుకోలేదు.

ఇంకొక మాట, ఇది అందరికీ పడదు. మా ఆవిడ నాతోపాటే మొదలుపెట్టి రెండు నెలల్లో తీసేసింది. అన్నం ముందు కూర్చుంటే అంకెలే కనిపిస్తున్నాయి, తిన్నాక టెన్షన్‌గా ఉంటోందని చెప్పింది. తిండి విషయంలో ఇప్పటికే దిగులు పడేవాళ్లెవరైనా ఉంటే నేను ఈ యాప్ సిఫారసు చెయ్యను. ఆమె ఇప్పుడు రోజూ నడుస్తుంది, బరువు నాకంటే నిలకడగా ఉంది.

మావయ్యగారికి షుగర్ ఉంది. మేం బయల్దేరే ముందు అత్తమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఆయనకు అరిసె ఎన్ని పెట్టచ్చో దాంట్లో చూసి చెప్పండి బాబూ" అంది. దాంట్లో అది ఉండదని, డాక్టరుగారినే అడగాలని చెప్పాను. కానీ ఒక అరిసెలో బియ్యం ఎంతో బెల్లం ఎంతో చెప్పగలను కదా, అది ఒక కాగితం మీద రాసిచ్చాను: బియ్యం 23 గ్రాములు, బెల్లం 18. ఆమె దాన్ని ఫ్రిజ్ మీద అంటించింది. మొన్న ఫోన్ చేసి సున్నుండల లెక్క అడిగింది. మినపసున్ని ఎంత, నెయ్యి ఎంత పోస్తుందో ఆమే తూచి చెప్పింది. వాళ్లింటికి ఇప్పుడొక కాటా వచ్చింది, నాదానికంటే మంచిది.

యాప్‌కు ఏడాది చందా మార్చిలో అయిపోతోంది. ఈసారి కట్టను. ఫోటో పనికిరాదు, డబ్బు కడితే వచ్చే మిగతావి నేను వాడలేదు. వంటలు ఎక్కించుకోవడం, వారం సగటు చూసుకోవడం, నాకు కావలసిన ఈ రెండూ ఉచితంలోనే ఉన్నాయి. ఐదుకు మూడు ఇస్తాను. కాటాకైతే ఐదుకు ఐదు, మూడేళ్లలో దానికి రెండు సెల్లులు మార్చానంతే.