కమ్ యాజ్ యూ ఆర్ అన్న ఊళ్ళో అగరుబత్తికి 150 డాలర్లు

ముందే చెప్పేస్తున్నా. అమెరికాలో నిర్వాణ అనే రాక్ బ్యాండు పుట్టిన ఊరు అబర్డీన్. తప్పకుండా వెళ్ళండి, రాత్రి మాత్రం ఉండకండి. సియాటిల్ నుంచి కారులో రెండు గంటల ప్రయాణం, పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి వచ్చేయొచ్చు. ఈ ముక్క మాకెవరైనా చెప్పి ఉంటే 238 డాలర్ల 48 సెంట్లు మిగిలేవి.

నాకు నిర్వాణ పిచ్చి ఇంజినీరింగ్ హాస్టల్లో పట్టుకుంది. సీనియర్ ఒకడు వాళ్ళ అన్‌ప్లగ్డ్ ఆల్బమ్ కాసెట్ ఇచ్చాడు. బ్యాండు గాయకుడు కర్ట్ కొబేన్ పోయి అప్పటికే ఎనిమిదేళ్ళు. మాటలు సగం అర్థమయ్యేవి కాదు. ఆఖరి పాటలో ఆ గొంతు చిరిగిపోయే చోటు కోసం టేపు వెనక్కి తిప్పి తిప్పి వినేవాణ్ణి. మా ఆవిడ మాత్రం వాటిని ‘మీ అరుపుల పాటలు’ అంటుంది. 2023 అక్టోబరులో సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌లో ఉన్న బావమరిది దగ్గరికి వెళ్ళినప్పుడు తను మౌంట్ రైనియర్ పర్వతం అంది, నేను అబర్డీన్ అన్నాను. వాన పుణ్యమా అని నేను గెలిచాను.

సియాటిల్‌లో మోపాప్ అనే పాప్ కల్చర్ మ్యూజియం ఒక పూట. బావమరిదితో కలిపి ముగ్గురికీ 97 డాలర్లయింది. పగలగొట్టిన గిటార్ ముక్కల్ని అద్దాల్లో పెట్టారు. బాగుంది.

అబర్డీన్ ఒకప్పుడు కలప మిల్లుల ఊరు. 1987లో కొబేన్, క్రిస్ట్ నోవోసెలిక్ కలిసి బ్యాండు మొదలుపెట్టింది ఇక్కడే. ఊరి మొదట్లో స్వాగతం బోర్డు మీద ‘కమ్ యాజ్ యూ ఆర్’ అని వాళ్ళ పాట పేరే ఉంటుంది. ఎలా ఉన్నవాళ్ళు అలాగే రండి అని. నేను దాని కింద నిలబడి ఫోటో దిగాను. అప్పటికింకా మోటెల్‌కి పోలేదు.

గది 79 డాలర్లు, ట్యాక్సుతో 88.48. తలుపు తీయగానే తడి కార్పెట్టు కంపు. హీటరు వేస్తే కంపు వేడెక్కింది, అంతే. కిటికీ నాలుగు వేళ్ళకంటే తెరుచుకోదు. మా ఆవిడ బ్యాగులోంచి అగరుబత్తి పెట్టె తీసింది. వద్దని నేనూ అనలేదు, నిజం చెప్పాలి కదా. ఒకే ఒక్క పుల్ల, అరటిపండుకి గుచ్చి వెలిగించింది.

పొద్దున కౌంటర్లో ఆవిడ గదిలోకి వెళ్ళి వచ్చి, గదిలో పొగ తాగారు, 150 డాలర్లు అంది. మా ముగ్గురిలో ఒక్కరికీ సిగరెట్ అలవాటు లేదు. అగరుబత్తి పెట్టె చూపించి, ఇది పూజకి అని చెప్పాడు బావమరిది. ఆవిడ కాగితం తిప్పి వేలు పెట్టి చూపించింది: ఏ రకమైన పొగ అయినా. కింద నా సంతకం. రాత్రి చదవకుండా గీకింది నేనే.

“పోనీలే బావా, వదిలెయ్” అన్నాడు. కారులో అరగంట ఎవరూ మాట్లాడలేదు. నిర్వాణ తొలి ఆల్బమ్ ‘బ్లీచ్’ రికార్డింగు మొత్తానికి అయిన ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. అందులో దాదాపు 40 శాతం మేం ఒక్క రాత్రికి కట్టాం. ఆ 606 కట్టిన జేసన్ ఎవర్మన్ ఆ ఆల్బమ్‌లో ఒక్క స్వరం కూడా వాయించలేదు, అయినా గిటారిస్టుగా పేరు వేశారు. కాల్చకుండానే కాల్చినవాళ్ళ లెక్కలో పడ్డాం మేమూ. ఈ మాటంటే మా ఆవిడ నవ్వలేదు.

యంగ్ స్ట్రీట్ వంతెన దగ్గర మాత్రం మనసు కుదుటపడింది. చిన్న వంతెన. పక్కన బుల్లి పార్కు, అందులో గిటార్ లేని గిటార్ స్టాండు. టికెట్ లేదు, గేటు లేదు. కిందికి దిగితే ఎక్కడెక్కడివాళ్ళో రాసిన రాతలు. విష్కా నది నదిలా కాదు, బురద కాలువలా ఉంది. ఈ వంతెన కింద పడుకునేవాణ్ణని కొబేన్ చెప్పుకున్నాడు. అది జరిగే పని కాదని నోవోసెలిక్ తర్వాత అన్నాడు, సముద్రపు పోటుకి నీళ్ళు పైకొచ్చేస్తాయని. నిజమే. మేం చూసేసరికి ఒడ్డు రాళ్ళ మీద మోకాలెత్తున తడి గీత, కింద నిగనిగలాడే బురద. నా ఎడమ బూటు చీలమండ దాకా దిగబడింది. మా ఆవిడ అప్పుడు నవ్వింది.

బావమరిది భార్య కట్టిచ్చిన పులిహోర ఆ వంతెన కిందే తిన్నాం. చల్లగా గట్టిపడిపోయింది, కానీ చింతపండు పులుపు, వేరుశనగపప్పు, చుట్టూ వాన. ఆ ట్రిప్పులో తిన్నవాటిలో అదే గొప్ప భోజనం. కొబేన్ చిన్నప్పటి ఇల్లు రోడ్డు మీంచి చూసి వచ్చేశాం.

తిరుగు ప్రయాణంలో సియాటిల్ విరెట్టా పార్కు దగ్గర ఆగాం. కొబేన్ చివరి రోజుల్లో ఉన్న ఇంటి పక్కనే. కారు పెట్టుకోవడం కష్టం, సందుల్లో రెండు చుట్లు తిరగాలి. అభిమానులు రాతలతో నింపేసిన బెంచి ఉంది, వాడిన పూలున్నాయి. నేను రాతలు చదువుతుంటే మా ఆవిడ మెల్లగా బ్యాగు తెరిచింది. అగ్గిపుల్ల గాలికి రెండుసార్లు ఆరిపోయింది. మూడోసారి వాళ్ళ తమ్ముడు గొడుగు అడ్డం పెట్టాడు.