ఆరేళ్లలో మొరాయించింది ఒక్క మీటే

నేను వాడుతున్న మెకానికల్ కీబోర్డును 2019 డిసెంబరులో కొన్నాను. పగలు అనువాదాలూ ప్రూఫులూ, రాత్రి పది దాటాక ఆటలూ అప్పటినుంచి దాని మీదే సాగుతున్నాయి. అట్టపెట్టె విప్పిన మర్నాడే రాసే సమీక్షల మీద నాకు నమ్మకం లేదు. కొత్త చెప్పులు కొట్లో కరవవు, నాలుగు మైళ్లు నడిచాకే కరుస్తాయి. ఈ కీబోర్డు నన్ను కరవడానికి మూడున్నరేళ్లకు పైగా పట్టింది, అదీ ఒక్కచోటే. ఇంగ్లీషు 'డి' అక్షరం ఉన్న మీట దగ్గర.

ఆ మీటే ఎందుకు అలసిపోయిందో ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు కొట్టేవారికి వివరించనక్కరలేదు. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఐఎస్ 13194 అనే ప్రమాణంలో చేర్చినదీ, విండోస్‌లో తెలుగును ఎంచుకోగానే వచ్చేదీ ఈ అమరికే. ఇందులో అచ్చుల గుర్తులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి దక్కుతాయి. ఎడమచేతి మధ్యవేలు కింద ఉండే 'డి' నొక్కితే పొల్లు వస్తుంది, షిఫ్టుతో కలిపి నొక్కితే 'అ' వస్తుంది. తెలుగులో ఏ ఒత్తు రాయాలన్నా ముందు పొల్లు కొట్టాలి. 'ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ప్రభుత్వం' అన్న మూడు మాటలు కొట్టేసరికి ఆ మీటను ఏడుసార్లు నొక్కాలి. అంకెల వరుసలో షిఫ్టుతో కొన్ని సంయుక్తాక్షరాలు నేరుగా వచ్చే ఏర్పాటు ఉన్నా నా వేళ్లు దానికి ఎన్నడూ అలవాటు పడలేదు. ఇక రాత్రి ఆట మొదలుపెడితే డబ్ల్యూ, ఎ, ఎస్, డి మీటలతోనే మనిషిని నడిపించాలి, కుడివైపు కదిలించేది మళ్లీ ఆ 'డి' మీటే. అంటే పగలంతా ఒత్తులు మోసిన మీట రాత్రికి తుపాకీ పట్టుకున్నవాణ్ణి కూడా మోయాలి.

ఈ పని ఒత్తిడి తెలిసే నేను మెకానికల్ కీబోర్డు వైపు వెళ్లాను. చవక కీబోర్డులలో మీటలన్నిటి కింద ఒకే రబ్బరు పొర పరచి ఉంటుంది, దాని బుడిపె మెత్తబడిన చోట వేలికి స్పర్శ చచ్చిపోతుంది. మెకానికల్ రకంలో మీటమీటకూ విడి స్విచ్చు, విడి స్ప్రింగు ఉంటాయి. చెర్రీ సంస్థ ఎంఎక్స్ స్విచ్చుల లెక్క ప్రకారం మీట మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, ఎరుపు, గోధుమ రంగు రకాలలో 2 మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం పడుతుంది. ఆ సంస్థ పేటెంట్లు తీరిపోయాక అదే నమూనాలో చవక స్విచ్చులు వెల్లువెత్తాయి గనుకనే నాబోటివాడికి ఈ కీబోర్డు అందుబాటులోకి వచ్చింది. నాలుగున్నర వేలకు దొరికిన నా కీబోర్డులో ఉన్నవి అలాంటి నీలం స్విచ్చులే.

నీలం అంటే చప్పుడు. ప్రతి నొక్కుకూ 'టిక్' మంటుంది, దానితోపాటు వేలికి చిన్న మెట్టు దిగినట్టు తెలుస్తుంది. డీటీపీ సెంటర్లలో, బిల్లింగ్ కౌంటర్ల దగ్గర టీవీఎస్ గోల్డ్ కీబోర్డు మోత విని పెరిగినవాణ్ణి కావడంవల్ల ఆ చప్పుడు లేకపోతే నాకు పని జరుగుతున్నట్టే అనిపించదు. ఇంట్లోవారి అభిప్రాయం వేరు. మొదటివారంలోనే మా అమ్మ తలుపు దగ్గర నిలబడి, "అర్ధరాత్రి ఆ గదిలో అటుకులు దంచుతున్నావేంట్రా?" అని అడిగింది. ఫ్యాను మూడులో తిరుగుతుంటే కూడా పక్కగదికి వినిపించే మోత అది. పసిపిల్లలున్న ఇంట్లో గానీ, నలుగురు కూర్చునే కార్యాలయంలో గానీ నీలం స్విచ్చులు పెట్టుకోవద్దనే నా సలహా. చప్పుడు తగ్గి మెట్టు మాత్రం మిగలాలంటే గోధుమ రంగు, రెండూ వద్దనుకుంటే ఎరుపు ఉన్నాయి. ఎరుపును ఒక స్నేహితుడి ఇంట్లో వారంపాటు వాడి చూశాను. ఆటకు హాయిగా ఉంది గానీ, వేలు ఊరికే ఆనినా అక్షరం పడిపోయి ప్రూఫు దిద్దేవాడి ప్రాణం తీసింది.

2023 ఆగస్టులో అసలు కథ మొదలైంది. మాది కాకినాడ. వానాకాలంలో ఉప్పు బిస్కట్టు డబ్బా మూత తీసి పది నిమిషాలు వదిలేస్తే మెత్తబడిపోయేంత తేమ ఉంటుంది. ఒకరోజు నేను 'అమ్మ' అని కొడితే తెర మీద రెండు 'మ'ల మధ్య చుక్కలతో గీసిన వలయం ఒకటి, దాని నెత్తిన పొల్లు ప్రత్యక్షమయ్యాయి. ఒక్క నొక్కుకు రెండు పొల్లులు పడ్డాయన్నమాట. మర్నాడు అందుకు ఎదురు తిరిగి అసలు పొల్లు పడటం మానేసింది, 'అత్త' కాస్తా 'అతత' అయి కూర్చుంది. చుక్కల వలయమైతే కంటికి కనిపిస్తుంది గనుక దిద్దుకోవచ్చు. పడని పొల్లు అలా కాదు, పేజీ నిండా తలకట్లతో అమాయకంగా కనిపిస్తూ కన్నుగప్పుతుంది. 'కన్న' అన్న మాట 'కనన'గా అచ్చుకు వెళ్లబోతే ఆఖరి ప్రూఫులో పట్టుకున్నాను.

ఇది మీట అరగడంవల్ల వచ్చిన జబ్బు కాదని లెక్క వేసి చూస్తే తేలింది. రోజుకు 5,000 సార్లు, ఏడాదికి 300 రోజులు నొక్కాననుకున్నా నాలుగేళ్లకు 60 లక్షలు దాటదు. పెట్టె మీద రాసినది 5 కోట్ల నొక్కులు. స్విచ్చు లోపల రెండు లోహపు రేకులు తాకినప్పుడు అక్షరం పడుతుంది. ఆ తాకుడు క్షణకాలం అదురుతుంది గనుక కీబోర్డులోని చిప్పు కొన్ని మిల్లీసెకన్లు ఆగి, అదురంతా ఒకే నొక్కుగా లెక్కిస్తుంది. రేకుల మీద మకిలి పట్టినప్పుడు అదురు ఆ వ్యవధిని దాటిపోతుంది, అప్పుడు ఒకటి రెండవుతుంది, లేదా సున్నా అవుతుంది. ఉప్పుగాలి ఊళ్లలో ఉండేవారు ఆ 5 కోట్ల మాట కంటే ఈ రేకుల సంగతి పట్టించుకోవాలి.

మరమ్మతుకు ముందు ఉచిత చిట్కా ఒకటి ప్రయత్నించాను. విండోస్‌లో ఫిల్టర్ కీస్ అనే సదుపాయం ఉంది, ఒకే మీట వెంటవెంటనే పడితే రెండోదాన్ని పట్టించుకోకుండా చేయవచ్చు. అయితే అందులో ఎంచుకోగల కనీస వ్యవధి అర సెకను. తెలుగులో ద్విత్వాక్షరం మధ్య ఎలాగూ పొల్లు వస్తుంది గనుక ఒకే మీటను వరుసగా రెండుసార్లు కొట్టే అవసరం రాదులే అని ధీమాగా ఉన్నాను. పది నిమిషాలలో 'పిల్లలు' కాస్తా 'పిల్లు' అయింది, 'నన్ను' తల తెగి 'న్ను'గా మిగిలింది. లకు పక్కన ల, నకు పక్కన న ఇంత తరచుగా వస్తాయని ముప్పై ఏళ్లుగా తెలుగు రాస్తున్న నాకు ఆనాటిదాకా తట్టలేదు.

తయారీ సంస్థకు రాస్తే రెండు రోజులకు జవాబు వచ్చింది. ఏడాది వారంటీ ముగిసిందనీ, విడి స్విచ్చులు అమ్మరనీ, కొత్త నమూనా మీద తగ్గింపు ఇస్తామనీ దాని సారాంశం. ఒక్క స్విచ్చు పాడైతే 104 మీటల వస్తువును పారేయమని చెప్పడం నాకు మింగుడు పడలేదు. నా కీబోర్డులో స్విచ్చులు బోర్డుకు టంకం వేసి ఉన్నాయి. చేత్తో పీకి మార్చుకోగలిగే హాట్‌స్వాప్ రకం ఆ ధరలో అప్పుడు నాకు దొరకలేదు. ఇప్పుడు దొరుకుతోంది. ఈ సమీక్షలో ఒక్క మాటే గుర్తుంచుకోదలచినవారు దీన్ని గుర్తుంచుకోండి: రంగుల దీపాలు ఉన్నాయా అని కాదు, హాట్‌స్వాప్ ఉందా అని అడిగి కొనండి.

చివరికి సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రవాడి దగ్గరకు తీసుకువెళ్లాను. మీట టోపీ ఊడదీసి, స్విచ్చు సందులో రెండు చుక్కలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి, వంద సార్లు టకటకా నొక్కి, "ఇది పోలేదండి, గాలికి నలుపెక్కిందంతే" అన్నాడు. ఆ వైద్యం నాలుగు నెలలు పనిచేసింది. మళ్లీ మొదలయ్యాక అతనే ఇంకో ఉపాయం చెప్పాడు. నేను జన్మలో ముట్టని స్క్రోల్ లాక్ స్విచ్చును టంకం కరిగించి తీసి 'డి' స్థానంలో వేశాడు, 'డి'ది తీసి అక్కడ పెట్టాడు. కూలి 150 రూపాయలు. స్క్రోల్ లాక్ మీటకు పుట్టి బుద్ధెరిగాక దక్కిన మొదటి ఉపయోగం అదేననుకుంటాను. రెండేళ్లు దాటింది, ఒక్క పొల్లు కూడా తప్పలేదు.

ఆటల సంగతికి వస్తే, ఈ తరహా కీబోర్డువల్ల నిజంగా దక్కే లాభం వేగం కాదు, ఎన్ని మీటలు కలిపి నొక్కినా తడబడకపోవడం. నా పాత రబ్బరు కీబోర్డులో పరుగెత్తుతూ, పక్కకు జరుగుతూ, గెంతాలని చూస్తే గెంతు పడేది కాదు. మీటలను అడ్డుగీతలు, నిలువుగీతల వలలాగా కలిపి ఉంచడంవల్ల కొన్ని మూడు మీటల కలయికలలో నాలుగోది నొక్కారో లేదో చిప్పుకు తెలియదు, అందుకని అది మౌనం వహిస్తుంది. మీటమీటకూ డయోడ్, అంటే కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే చిన్న భాగం, ఉన్న బోర్డులో ఆ బాధ లేదు. వేగం గురించి చేసే ప్రచారాన్ని మాత్రం నేను అంతగా లెక్కచేయను. సెకనుకు 125 సార్లు సమాచారం పంపే కీబోర్డుకు 8 మిల్లీసెకన్లు, 1,000 సార్లు పంపేదానికి 1 మిల్లీసెకను పడుతుంది. నా మానిటర్ 60 హెర్ట్జ్‌ది, ఒక్కొక్క బొమ్మకు 16 మిల్లీసెకన్లకు పైనే తీసుకుంటుంది. నేను చచ్చిపోయిన సందర్భాలలో తొంభై పాళ్లు నా గురి తప్పడంవల్లే చచ్చాను.

'డి' మీట జబ్బుపడిన రోజులలో కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆట ఆడటం మాత్రం నరకమే అయింది. అందులో ఎడమకు కదులుతూ కాల్చాలంటే 'ఎ' వదిలి 'డి'ని ఒక్క తాటు తాటించి మనిషిని ఆపాలి, అప్పుడే తూటా గురిగా వెళుతుంది. ఆ ఒక్క తాటు రెండైతే మనిషి ఆగడానికి బదులు కుడికి ఉలిక్కిపడతాడు. ఈ విన్యాసాన్ని తానే చక్కబెట్టే స్నాప్ టాప్ అనే సదుపాయాన్ని రేజర్ సంస్థ 2024లో తన కీబోర్డులకు ఇచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఆ ఆటను తయారుచేసిన వాల్వ్ సంస్థ తన అధికారిక సర్వర్లలో అలాంటి యాంత్రిక సాయం తీసుకునేవారిని ఆటలోనుంచి బయటకు పంపుతామని ప్రకటించింది. నాకు ఆ నిర్ణయం నచ్చింది. వేలికి రావలసిన విద్యను డబ్బుతో కొనుక్కోవడం ఆట అనిపించుకోదు.

దీపాల గురించి ఎక్కువ చెప్పను. మొదటి నెలలోనే ఆపేశాను. వాటిని ఆపడానికి సంస్థవారి సాఫ్ట్‌వేర్ దించుకొని, ఈమెయిలుతో ఖాతా తెరవవలసి రావడం మాత్రం ఇప్పటికీ మనసులో ఉంది. బల్ల మీద ఉన్న దీపం ఆర్పడానికి ఎక్కడో ఉన్న సర్వరు అనుమతి దేనికో నాకు అర్థం కాలేదు. మిగతా లోపాలు చిన్నవి. మీట టోపీలు ఏబీఎస్ ప్లాస్టిక్‌వి కావడంతో రెండేళ్లకే నూనె రాసిన పెనంలాగా మెరిసిపోయాయి. పీబీటీ రకమైతే అంత త్వరగా నున్నబడదు, నా 'డి' మీద ఇప్పుడున్న టోపీ అదే. చక్కెర పలుకు ఒకటి జారిపడిన పాపానికి ఒకసారి చీమలు స్పేస్ బార్ కింద కాపురం పెట్టాయి, టోపీలన్నీ ఊడదీసి పెయింటు బ్రష్షుతో దులపడానికి ఒక ఆదివారం పట్టింది. తెలుగు అక్షరాలు అచ్చువేసిన టోపీలు దానితో రాలేదు. అంటించిన స్టిక్కర్లు మొదటి వేసవికే చెమటకు అంచులు లేచిపోతే పీకేశాను, అప్పటికి వేళ్లకు ఎలాగూ వచ్చేసింది.

నాలుగున్నర వేలకు ఆరేళ్లంటే నెలకు 63 రూపాయలు కూడా పడలేదు గనుక ఖరీదు మీద నాకు ఫిర్యాదు లేదు. ఇదే కీబోర్డును మళ్లీ కొంటానా అంటే కొనను, హాట్‌స్వాప్ ఉన్నదే చూస్తాను, నీలం స్విచ్చులనే అడుగుతాను. అదృష్టమో దురదృష్టమో, ఇది ఇంకా చావడం లేదు. ముందు జాగ్రత్తగా పది విడి స్విచ్చులు తెప్పించి, సిలికా జెల్ పొట్లంతో సహా ఒక హార్లిక్స్ సీసాలో బిగించి అలమరలో పెట్టాను. మా అమ్మ అది ఏవో మందుబిళ్లలనుకొని రెండుసార్లు తేదీ వెతికింది.