ఇంగ్లిష్ క్లాజులను తెలుగు వ్యాకరణంతో నేర్పిన ఆన్‌లైన్ తరగతి

పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన నేను, ఆఫీసు ఈమెయిళ్లలో పదేపదే దొర్లుతున్న తప్పులను సరిచేసుకోవాలని ఆరు వారాల ఆన్‌లైన్ ఇంగ్లిష్ గ్రామర్ తరగతిలో చేరాను. మొదటి రెండు వారాల్లో కొత్తగా నేర్చుకున్నది పెద్దగా లేదు. మూడో వారం ఇండిపెండెంట్, డిపెండెంట్ క్లాజుల (సొంతంగా నిలబడే, మరోదానిపై ఆధారపడే ఉపవాక్యాల) పాఠం మొదలయ్యాక మాత్రం, కట్టిన ఫీజు వృథా కాలేదని నమ్మకం కలిగింది.

ఉపాధ్యాయురాలు నిర్వచనాల జోలికి వెళ్లకుండా, బడిలో చదువుకున్న సంశ్లిష్ట వాక్యాన్ని గుర్తుచేశారు. ‘వర్షం పడితే’ అని ఆగిపోతే వినేవారు మిగతా మాట కోసం ఎదురుచూస్తారు. ‘బస్సు ఆలస్యమవుతుంది’ అంటే మాట పూర్తవుతుంది. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’, ‘ద బస్ విల్ బి లేట్’ అనే వాటి మధ్య ఉన్న తేడా కూడా ఇదేనని చెప్పినప్పుడు, ఏళ్లుగా బట్టీపట్టిన సూత్రం మొదటిసారి అర్థమైంది. ‘వాన పడినా గానీ’ అనే అలవాటు కొద్దీ ‘ఆల్‌దో’తో మొదలుపెట్టిన వాక్యంలో మళ్లీ ‘బట్’ చేరుస్తున్నామని ఆమె చూపించిన తీరు మరీ నచ్చింది.

అయితే ఈ పోలికలోనే ఒక లోపం ఉంది. తెలుగులో ‘పడితే’ అనే అసమాపక క్రియే మాట పూర్తికాలేదని చెబుతుంది. ఇంగ్లిష్‌లో ‘రెయిన్స్’ పూర్తి క్రియే, దాన్ని మరో వాక్యంపై ఆధారపడేలా చేసేది ముందున్న ‘ఇఫ్’. ఈ సంగతి పాఠంలో చెప్పకపోవడంతో, కర్తా క్రియా ఉన్నాయి కదా అని ‘బికాజ్ ద సర్వర్ వాజ్ డౌన్’ అని రాసి ఫుల్‌స్టాప్ పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. నాలుగో వారం అడిగితే ఆమె ఓపికగా, దాదాపు అరగంట వివరించారు. కానీ రికార్డు చేసిన పాఠాన్ని మార్చలేదు, కాబట్టి తరవాత చేరేవారికి అదే పొరపాటు ఎదురవుతుంది.

డిపెండెంట్ క్లాజు ముందు వస్తే దాని తరవాత కామా పెట్టాలనీ, రెండు ఇండిపెండెంట్ క్లాజులను ఒట్టి కామాతో కలపకూడదనీ నేర్పే అభ్యాసాలు బాగున్నాయి. సొంతంగా రాసిన పేరాను మాత్రం ఆరు వారాల్లో ఒక్కసారే దిద్దారు, అది చాలదు. తెలుగు వ్యాకరణం కొంతైనా గుర్తున్నవారు నిస్సంకోచంగా చేరవచ్చు. చేరేటప్పుడే, వారానికి ఒక పేరా దిద్దుతారా అని అడిగి తెలుసుకోవాలి.